ఇందూరు గోడలు, బోధను చక్కెర : ఒక చెరకుసీమలో వీధి ప్రకటనల చరిత్ర

ఒక ప్రాంతపు చరిత్రను శాసనాలలోనూ, కైఫియతులలోనూ, గెజెటీర్లలోనూ వెదకడం మనకు అలవాటు. గోడల మీద వెదకడం అలవాటు లేదు. గోడ మీద వ్రాసినది నాలుగు వానలకు వెలిసిపోతుందనీ, వెలిసిపోయేదానికి చరిత్ర ఏమిటనీ మన చిన్నచూపు. కాని ఒక వర్తకుడు తన సొమ్ము ఖర్చుపెట్టి ఒక పల్లె గోడ మీద తన సరుకు పేరు వ్రాయించాడంటే, ఆ దారిన పోయేవాడి మొలలో ఎంత రొక్కం ఉందో, అది ఏ నెలలో చేతికి వస్తుందో, వాడు ఏ లిపి చదవగలడో, ఇంట్లో సరుకు కొనే నిర్ణయం ఎవరిదో ముందుగా లెక్క కట్టాడన్నమాట. జనాభా లెక్కలవారు పదేళ్ళకొకసారి వచ్చి అడిగే ప్రశ్నలను ఈ వర్తకుడు ఏటేటా అడుగుతాడు. లెక్క తప్పితే నష్టం తనదే కాబట్టి కొంచెం జాగ్రత్తగానే అడుగుతాడు.

నిజామాబాదు పట్టణం నుండి బోధను వరకు పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉన్న దారిని నేను ఈ దృష్టితో చాలాసార్లు చూశాను. తెలంగాణలో చెరకుసీమ అనదగిన ప్రాంతం ఇది. ఇక్కడ ఏ కాలంలో ఎవరు ఎవరికి ఏమి చాటిచెప్పారు, ఎందుకు చెప్పారు, ఏ గోడ మీద చెప్పారు అన్నదే ఈ వ్యాసంలో విషయం. పైకి ఇది వ్యాపార ప్రకటనల ముచ్చటలా కనబడుతుంది. లోపల ఉన్నది మాత్రం ఈ సీమ చేతికి డబ్బు ఎక్కడినుండి వచ్చింది, ఎక్కడికి పోయింది అన్న కథ.

గోడకంటె ముందు గొంతు ఉంది. ఊరూరా డప్పు వేసి చాటింపు చెప్పేవారే ఈ సీమలో తొలి ప్రకటనకర్తలు. శిస్తు గడువు, జాతర తేదీ, తప్పిపోయిన ఎద్దు, అంగడి రోజు, అన్నీ వారి నోటనే ఊరికి తెలిసేవి. నిజాము ప్రభుత్వం వ్రాతపూర్వకంగా చెప్పదలచుకున్నది ఉర్దూలో చెప్పేది. ప్రకటనను ఇష్తెహారు అనీ, చాటింపును ఎలాను అనీ అనేవారు. ఈ మాటలు ఇప్పటికీ ఇక్కడి పెద్దవారి నోట అప్పుడప్పుడు వినబడతాయి. ప్రజలు తమంతట తాము నలుగురిలో ఏదైనా చాటుకోవాలంటే మాత్రం అంత సులభం కాదు. ముందస్తు అనుమతి లేనిదే సభలు జరపరాదన్న గస్తీ నిషాను 53 అనే ఉత్తరువు తెలంగాణ ఉద్యమ చరిత్ర చదివినవారికి కొత్త కాదు. బహిరంగ స్థలం మీద మొదటి హక్కు సర్కారుదే అన్నది నాటి న్యాయం.

రైలు వచ్చాక ఈ పరిస్థితి కొంత మారింది. సికింద్రాబాదు నుండి మన్మాడు వరకు గోదావరి లోయ రైలుమార్గం 19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది మొదటి సంవత్సరాలలో తెరచుకుంది. ఇందూరు అన్న పాత పేరు వెనుకబడి నిజామాబాదు అన్న పేరు లోకవ్యవహారంలో స్థిరపడింది రైలు వచ్చిన తరువాతనే. స్టేషనులో ఊరి పేరు వ్రాసిన పలకకంటె బలమైన ప్రకటన ఏముంటుంది? దాని క్రింద దిగిన ప్రతివాడూ ఆ పేరే మోసుకుపోతాడు. దేశమంతటా రైల్వే ప్లాట్‌ఫారాల మీద కానవచ్చిన ఎనామిల్ రేకుల కాలం అదే. సబ్బులు, తేయాకు, సిగరెట్లు, తలనొప్పి మందులు ఆ రేకుల మీదనే పల్లెటూళ్ళకు తొలిసారి పరిచయమయ్యాయి. వానకు చెడని, ఎండకు వెలవని ఆ రేకు కొన్నేళ్ళపాటు ఒకే మాట చెబుతూ నిలబడేది. తరువాత జానకంపేట దగ్గర చీలి బోధనుకు వెళ్ళిన శాఖామార్గం చెరకుసీమను ఈ రేకుల లోకానికి కలిపింది.

బోధను నిజానికి చాలా పాత ఊరు. అశ్మక జనపదపు రాజధాని పోదన ఇదేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. కాని మన కథకు కావలసిన బోధను 20వ శతాబ్దంలో పుట్టింది. మంజీర నది మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరుగా 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. సుమారు 2 లక్షల 75 వేల ఎకరాలకు నీరు ఇవ్వాలన్నది ఆ ప్రాజెక్టు లక్ష్యం. నీరు వచ్చాక చెరకు వచ్చింది. చెరకు వచ్చాక 1937లో బోధను పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని పేరుపడిన ఫ్యాక్టరీ అది. వేల ఎకరాల సొంత వ్యవసాయ క్షేత్రాలు, కాలనీ, ఆసుపత్రి, బడులు, అన్నీ కలిసి ఊరి పక్కన మరొక ఊరుగా ఎదిగింది. కాలువ నీటిని నమ్ముకొని కృష్ణా, గుంటూరు మొదలైన కోస్తా జిల్లాలనుండి రైతుకుటుంబాలు వచ్చి వర్ని, కోటగిరి, రుద్రూరు, బోధను ప్రాంతాలలో స్థిరపడ్డాయి. వారు నిలిచిన చోట్లకు క్యాంపులనే పేరు నేటికీ ఉంది.

వర్తకుడి కంటితో చూస్తే ఇది ఎంత అపురూపమైన సంతో ఊహించండి. చుట్టూ వర్షాధారపు మెట్ట. మధ్యలో కాలువ క్రింద నికరమైన పంట. ఆ పంటకు ఊరి పక్కనే కొనేవాడు. దానిమీద నెలజీతం అందుకునే కార్మికులు. మెట్ట రైతు చేతికి ఏటికొకసారి డబ్బు వస్తుంది, రాకపోనూ వచ్చు. నెలజీతగాడి చేతికి ప్రతి నెలా వస్తుంది. ఈ రెండు రకాల కొనుగోలుదారులు పది మైళ్ళ వైశాల్యంలో కలిసి దొరికే చోట్లు నాటి తెలంగాణ పల్లెసీమలో వేళ్ళమీద లెక్కించదగినవి.

చెరకు గానుగాడే కాలం సాధారణంగా నవంబరులో మొదలై వేసవి ముఖం వరకు సాగుతుంది. నరికిన చెరకు ఎక్కువ సేపు ఆగదు. ఆలస్యమైన కొద్దీ తూకమూ తగ్గుతుంది, రసంలో చక్కెరా తగ్గుతుంది. కాబట్టి కాంటా దగ్గర బండ్ల వరుసలు ఏర్పడక తప్పదు. ముందు ఎద్దుబండ్లు, తరువాత ట్రాక్టర్లు, లారీలు. గంటల తరబడి ఒకే చోట ఆగిన మనిషికి ఎదురుగా ఉన్న గోడ తప్ప చదవడానికి ఏముంటుంది? వేగంగా పోయే కారులోని మనిషికి మూడే మూడు మాటలు చెప్పగలం. ఆగిన బండి మీది మనిషికి ఒక కథే చెప్పవచ్చు. అందుకే చెరకు దారి మీది గోడకు తక్కిన దారుల గోడలకు లేని విలువ ఉండేది. తోలుకొచ్చిన చెరకుకు డబ్బు ముట్టిన తరువాత అదే దారిన రైతు బజారుకు పోతాడన్నది అదనపు లాభం.

ఇక్కడే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటి ఉంది. ఇంత పెద్ద ఫ్యాక్టరీ తయారుచేసిన సరుకుకు ప్రకటన అవసరమే రాలేదు. చక్కెర దేశమంతటా ప్రభుత్వపు అదుపులో ఉన్న సరుకు. 1967 నుండి పాక్షిక నియంత్రణ కింద ఉత్పత్తిలో ఒక భాగాన్ని లెవీగా ప్రభుత్వానికి ఇచ్చేవారు. అది రేషను దుకాణాలకు పోయేది. మిగిలినది బస్తాలలో టోకు వర్తకులకు పోయేది. లెవీ పద్ధతి తొలగినది 2013లో మాత్రమే. హైదరాబాదులో చాయ్ తాగినవాడికి తన కప్పులోని చక్కెర శక్కర్‌నగర్‌దో కాదో తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. అంటే ఈ సీమ పేరులేని సరుకును లోకానికి పంపి, ఆ డబ్బుతో లోకం పంపిన పేరున్న సరుకులను కొన్నది. సబ్బుకు పేరుంది, టీపొడికి పేరుంది, బీడీకి పేరుంది. తీపికి మాత్రం పేరు లేదు. ఈ సీమ గోడలన్నీ ఇతరుల పేర్లతో నిండడానికి మూలం ఇక్కడే ఉందని నాకు తోస్తుంది.

ఇక చదువు సంగతి. 2001 జనాభా లెక్కలలో నిజామాబాదు జిల్లా అక్షరాస్యత సుమారు 52 శాతం, 2011లో 61 శాతం. అంతకు ముందు దశాబ్దాలలో ఎంత తక్కువో వేరే చెప్పనక్కరలేదు. అలాంటి చోట అక్షరాలకంటె బొమ్మ ముందు మాట్లాడుతుంది. హైదరాబాదులో 1920లో పుట్టిన జిందా తిలిస్మాత్ అనే యూనానీ మందు సీసా మీద ఆఫ్రికన్ యోధుని బొమ్మ ఉంటుంది. నిజాము సైన్యంలో ఆఫ్రికన్ అశ్వికదళం ఉండేది కాబట్టి ఆ బొమ్మ ఇక్కడి వారికి బలానికి గుర్తు. సీసా పేరు చదవలేని ముసలమ్మ కూడా బొమ్మను చూపించి మందు కొనగలదు. వజీర్ సుల్తాన్ కంపెనీ సిగరెట్టు పెట్టె మీద చార్మినారు ఉండడమూ అంతే. హైదరాబాదు చూడనివాడికి కూడా ఆ నాలుగు మినార్లు తెలుసు. బీడీలకైతే బొమ్మే పేరు. ఫలానా బొమ్మ ఛాప్ అంటేనే దుకాణదారు కట్ట తీసి ఇస్తాడు. గోడ మీది చిత్రకారుడు ఈ సూత్రాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. ముందు బొమ్మ, పక్కన రంగు, చివర అక్షరం అన్న వరుస అతనికి చేతి అలవాటుగా అబ్బింది.

అక్షరం వ్రాయక తప్పనప్పుడు ఏ లిపిలో వ్రాయాలన్నది మరో చిక్కు. నిజామాబాదు బజారులో ఉర్దూ, తెలుగు రెండూ కావాలి. బోధను దాటి సాలూర వైపు వెళితే మంజీర అవతల నాందేడు జిల్లా, అంటే మరాఠీ కావాలి. క్యాంపులలో కోస్తా తెలుగు. ఆ పక్క పల్లెలోనే ఉర్దూ పదాలు కలిసిన తెలంగాణ తెలుగు. ఒకే దారిలో ఇన్ని రకాల చదువరులు. పాత దుకాణాల బోర్డుల మీద మూడు లిపులు వరుసగా కానరావడం అలంకారం కోసం కాదు, గిరాకీ కోసం. ఉర్దూ నస్తలీఖు లిపి కుడినుండి ఎడమకు వాలుగా, ఒక దానిమీద ఒకటి కూర్చున్న అక్షరాలతో నడుస్తుంది. దానికి కాతిబు చేయి కావాలి. తెలుగు గుండ్రని అక్షరాలకు వేరే చేయి కావాలి. రెండూ వచ్చిన బోర్డు పెయింటరుకు ఈ పట్టణంలో పనికి కొదవ ఉండేది కాదు.

గోడ వ్రాతల చరిత్రలో నిజామాబాదుకు మరొక ఘనత ఉంది. దానికీ వ్యాపారానికీ సంబంధం లేదు గాని, చెప్పకుండా ముందుకు పోలేను. 1937లో, అంటే ఫ్యాక్టరీ స్థాపించిన సంవత్సరంలోనే, ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశం మందుముల నరసింగరావు అధ్యక్షతన ఈ పట్టణంలో జరిగింది. పదేళ్ళ తరువాత, 1947-48 నాటి పోరాట కాలంలో, దాశరథి కృష్ణమాచార్యులు ఇక్కడి ఖిల్లా జైలులో బందీగా ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకు తోటి ఖైదీ. కాగితమూ కలమూ లేని చోట దాశరథి బొగ్గుతో జైలు గోడ మీద పద్యాలు వ్రాశారు. పహరావారు చెరిపేస్తే మళ్ళీ వ్రాశారు. ఈ సీమలో గోడ మీద వ్రాయబడిన వాటన్నిటిలో తరువాతి తరాలకు అందినది ఆ బొగ్గు వ్రాతే. మిగిలిన వ్రాతల వెనుక కొనేవాడి జేబు ఉంది. ఈ ఒక్క వ్రాత వెనుక మాత్రం కొనడానికి వీలులేని మనిషి ఉన్నాడు. గోడకు ఇన్ని రకాల బలం ఉంది కాబట్టే ఏ ప్రభుత్వమైనా దానిమీద ఒక కన్ను వేసి ఉంచుతుంది.

స్వాతంత్ర్యం తరువాత గోడలను అన్నిటికంటె విరివిగా వాడుకున్నది ప్రభుత్వమే. 1960ల చివర కుటుంబ నియంత్రణ ప్రచారంతో వచ్చిన తలక్రిందుల ఎర్ర త్రికోణం దేశంలోని మారుమూల పల్లెకు కూడా చేరింది. బడి గోడ, పంచాయతీ గోడ, ఆసుపత్రి గోడ, దేనినీ వదలలేదు. దానివెంటనే రసాయన ఎరువులు వచ్చాయి. సేద్యపునీరు నికరంగా ఉన్నచోటే ఎరువుకు గిరాకీ కాబట్టి, కాలువ ఎంతదూరం పోయిందో ఎరువుల బొమ్మలూ అంతదూరం పోయాయి. గ్రోమోర్ వంటి పేర్లు రైతు ఇంట్లో బంధువుల పేర్లలా వాడుకలోకి వచ్చాయి. 1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసిన తరువాత, కాలక్రమాన ఆర్మూరు, బాల్కొండ వైపు కూడా ఈ సంత విస్తరించింది. 1982లో ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టి, పాత షెవర్లే వాహనాన్ని చైతన్యరథంగా మార్చి ఊరూరా తిరిగినప్పుడు, గోడలన్నీ ఒక్కసారిగా సైకిలు గుర్తుతో పసుపెక్కాయి. సరుకుల ప్రకటనకూ పార్టీల ప్రకటనకూ పెయింటరు ఒకడే, సున్నమూ ఒకటే.

ఆ పెయింటరు పని తీరు చెప్పుకోదగినది. ముందు గోడ యజమానితో మాట. పల్లెలలో చాలాచోట్ల గోడకు అద్దె ఉండేది కాదు. గోడకు ఉచితంగా సున్నం పడుతుంది, పండుగకు ఇల్లు తెల్లబడుతుంది, అదే బాడుగ. తరువాత సున్నపు పూత ఆరాక రంగు పొడిలో ముంచిన దారాన్ని రెండు చివర్ల పట్టి లాగి విడిస్తే గీత పడుతుంది. ఆ గీతల మధ్య అక్షరాల కొలత. కంపెనీ గుర్తు ఎక్కడా మారకూడదు కాబట్టి బొమ్మ అంచుల వెంట సూదితో చిల్లులు పొడిచిన కాగితాన్ని గోడకు ఆనించి రంగు పొడి అద్దేవారు. చివరికి క్రింది మూలలో చిన్న అక్షరాలతో తన పేరు, పక్కన "ఆర్ట్స్" అన్న మాట. కంపెనీ పెద్ద ప్రకటనలో తన చిన్న ప్రకటన అది.

గోడకు రంగు వేసి గోడను అద్దెకు తీసుకునే ఈ పద్ధతి మన ఒక్కరిదే అనుకోనక్కరలేదు. అమెరికాలో పశ్చిమ వర్జీనియా, ఒహాయో ప్రాంతాల పల్లెలలో మెయిల్ పౌచ్ అనే పొగాకు కంపెనీ 19వ శతాబ్ది చివరనుండి రైతుల కొట్టాలకు రంగు వేయించి, రోడ్డు వైపు గోడ మీద తన పేరు వ్రాయించుకునేది. హార్లీ వారిక్ అనే పెయింటరు ఒక్కడే తన జీవితకాలంలో 20 వేల కొట్టాలకు పైగా వ్రాశాడని ప్రసిద్ధి. 1965లో అక్కడి రహదారుల సుందరీకరణ చట్టం వచ్చాక ఇలాంటి ప్రకటనలకు ఆంక్షలు వచ్చాయి. అయినా ఆ పాత కొట్టాలను ఇప్పుడు అక్కడివారు తమ ప్రాంతపు ఆస్తిగా చూసుకుంటున్నారు. వాటి ఫొటోలు తీస్తారు, కొన్నింటికి మళ్ళీ రంగులు దిద్దుతారు. మన గోడలకు ఆ యోగం పట్టలేదు.

1970లు దాటాక ఈ సీమ చేతికి డబ్బు తెచ్చే దారులు మారాయి. ఒకటి బీడీ. నిజామాబాదు జిల్లాలో ఇంటి అరుగుల మీద కూర్చుని బీడీలు చుట్టే స్త్రీల సంఖ్య చాలా పెద్దది. రెండవది గల్ఫు. దుబాయి, మస్కటు, సౌదీ దేశాలకు కూలికి పోయినవారి ఊళ్ళుగా ఆర్మూరు, కామారెడ్డి, బాల్కొండ ప్రాంతాలు పేరుపడ్డాయి. 2011 లెక్కలలో ఈ జిల్లాలో ప్రతి 1000 మంది పురుషులకు 1040 మంది స్త్రీలు. దేశపు సగటు 943 మాత్రమే. ఈ అంకె వెనుక అనేక కారణాలు ఉండవచ్చు గాని, వలస వాటిలో ముఖ్యమైనదని చెప్పడానికి సందేహించనక్కరలేదు. వర్తకుడు ఈ మార్పును వెంటనే పసిగట్టాడు. మగవాడు ఊళ్ళో లేని ఇంట్లో కొనుగోలు నిర్ణయం ఆడవారిది. దానికి తగ్గట్టు గోడ మీద ఎరువు పక్కన చీరెల దుకాణం, బంగారు దుకాణం, పిల్లల ఇంగ్లీషు మీడియం బడి చేరాయి. విదేశాలనుండి డబ్బు తెప్పించే కంపెనీల పసుపు నలుపు బోర్డులు, వీసా ఏజెంట్ల చిరునామాలు, విమానం బొమ్మలు బస్టాండ్ల చుట్టూ వెలిశాయి.

ఇంకొక తమాషా ఉంది. గల్ఫు డబ్బు కొత్త గిరాకీనే కాక కొత్త గోడలనూ ఇచ్చింది. మట్టిగోడ మీద రంగు నిలవదు, గీత తిన్నగా పడదు. సిమెంటు పూసిన నున్నటి గోడ, అందులోనూ రోడ్డు వైపు తిరిగిన ప్రహరీగోడ, పెయింటరుకు దొరికిన వరం. ఎడారిలో చెమటోడ్చి కట్టుకున్న ఇంటి గోడ మీద ఎవరో సిమెంటు కంపెనీ వాడు తన పేరు వ్రాసుకొని పోయేవాడు. బీడీ సంగతి దీనికి తిరకాసు. లక్షల చేతులు బీడీ చుట్టే జిల్లాలోనే బీడీ బొమ్మ గోడ మీదనుండి చెరిగిపోయింది. పొగాకు ఉత్పత్తుల ప్రకటనలను నిషేధిస్తూ 2003లో కేంద్రచట్టం వచ్చి, 2004 మే నుండి అమలయింది. ఆరోగ్యం దృష్ట్యా అది కావలసిన చట్టమే. బీడీ చుట్టే ఆడవారి బ్రతుకులకు మరో దారి చూపే ప్రకటన మాత్రం ఏ గోడ మీదా నాకు కనబడలేదు.

ఆర్మూరు పక్కన అంకాపూరును ఈ వరుసలో ప్రత్యేకంగా చెప్పాలి. విత్తనోత్పత్తికి, మొక్కజొన్న కంకులకు, నాటుకోడి కూరకు పేరుపడిన ఆ ఊరి చుట్టూ విత్తన కంపెనీల బోర్డులు ఒక పాఠ్యపుస్తకంలా ఉంటాయి. ఇక్కడి రైతు కొనేవాడు మాత్రమే కాదు, కంపెనీకి విత్తనం పండించి ఇచ్చేవాడు కూడా. పసుపు పంటది మరో కథ. నిజామాబాదు మార్కెట్ యార్డు పసుపుకు దేశంలో పేరున్నది. గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం రైతులు ఎన్ని విధాల చెప్పినా వినబడనప్పుడు, 2019 లోక్‌సభ ఎన్నికలలో వారే అభ్యర్థులుగా నిలబడ్డారు. మొత్తం 185 మంది బరిలో ఉంటే అందులో 170 మందికి పైగా రైతులే. నా దృష్టిలో ఈ జిల్లా చూసిన అతి పెద్ద బహిరంగ ప్రకటన అదే. ఒక గోడ కూడా వాడకుండా, ఓటింగు యంత్రాలనే గోడగా చేసుకొని, దేశం మొత్తం చదివేలా వ్రాశారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమయింది.

2000ల తరువాతి మార్పులు అందరూ చూసినవే. సెల్‌ఫోను కంపెనీలు గోడలో ముక్క అడగడం మాని, దుకాణం మొత్తానికి తమ రంగు పూయించాయి. తరువాత ఫ్లెక్సీ వచ్చింది. వారం రోజుల గోడ పని రెండు గంటల యంత్రం పనయింది. బొమ్మ గీయగలిగిన చేయికి విలువ పోయి, ఫొటో ఇచ్చినవాడికి విలువ వచ్చింది. బహిరంగ స్థలాలను వికృతపరచడాన్ని నిరోధించే రాష్ట్రచట్టం 1997లోనే ఉంది. 100 మైక్రాన్లకు తక్కువైన ప్లాస్టిక్ బ్యానర్ల మీద 2022 జూలై నుండి దేశవ్యాప్తంగా నిషేధం ఉంది. అయినా పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు లేని కూడలి నాకు తారసపడలేదు. పెయింటర్లలో కొందరు ఫ్లెక్సీ యంత్రం పెట్టుకున్నారు. కొందరు ఇళ్ళకు రంగులు వేసే కూలిలోకి దిగారు. వాహనాల వెనుక పేర్లు వ్రాసేవారు కొందరు ఇంకా మిగిలారు.

మళ్ళీ శక్కర్‌నగర్‌కు వద్దాం. ఫ్యాక్టరీలో 51 శాతం వాటాను 2002లో ప్రైవేటు సంస్థకు అప్పగించారు. 2015 డిసెంబరులో అది మూతబడింది. చెరకు పొలాలు వరికీ, సోయాకూ, మొక్కజొన్నకూ మారాయి. ఫ్యాక్టరీని ప్రభుత్వమే తీసుకుంటుందన్న మాట 2014 ఎన్నికల కాలంలో వినబడింది. తిరిగి తెరిపిస్తామన్న మాట 2023లో వినబడింది. 2024 జనవరిలో అందుకోసం ప్రభుత్వం ఒక సంఘాన్ని కూడా నియమించింది. ఇన్నేళ్ళు ప్రకటన అవసరమే లేని ఆ ఫ్యాక్టరీ, మూతబడిన తరువాత తానే ఒక ప్రకటన అయింది. నడుస్తున్నంతకాలం గోడ మీద దాని పేరు ఎవరూ వ్రాయలేదు. ఆగిపోయాక ప్రతి ఎన్నికకూ వ్రాస్తున్నారు.

గోడలు చెప్పే లెక్క ఇక్కడ నిష్ఠురంగా ఉంటుంది. ఫ్యాక్టరీ నడిచిన కాలంలో ఈ దారి గోడలు పండించేవాడికీ పనిచేసేవాడికీ సరుకులు అమ్మాయి. ఇప్పుడు అప్పు ఇస్తామనేవారి పేర్లు, బంగారం కుదువ పెట్టుకుంటామనేవారి పేర్లు, పట్నంలో కళాశాలల పేర్లు, ఇళ్ళ స్థలాల పేర్లు ఎక్కువ. సొంత సంపాదన తగ్గినచోట అప్పు అమ్ముతారు. ఊళ్ళో పని లేనిచోట ఊరు విడిచిపోయే చదువు అమ్ముతారు. దీనికి వర్తకుడిని తప్పుపట్టడం కంటె, అతడు చూసినది మనం ఎందుకు చూడలేదని ఆలోచించడం మేలు. ప్రభుత్వాల నివేదికలు వ్రాయడానికి చాలా ముందే గోడ మీది సరుకు మారింది.

శాసనాన్ని చెక్కించిన రాజు అది సూర్యచంద్రులున్నంతకాలం నిలవాలని కోరుకున్నాడు. గోడ మీద వ్రాయించిన వర్తకుడు వచ్చే పంట దాకా నిలిస్తే చాలనుకున్నాడు. రాజు తన గురించి ప్రజలు ఏమనుకోవాలో చెప్పాడు. వర్తకుడు మాత్రం తనకు తెలియకుండానే ప్రజల గురించి చెప్పాడు. సామాన్యుల చరిత్ర కావాలనుకునేవారికి ఈ రెండవదే ఎక్కువ ఉపయోగం. నిజామాబాదులోనో, బోధనులోనో, వర్నిలోనో ఏదో ఒక పాత రైసుమిల్లు గోడ మీద ఎరువు బస్తా బొమ్మో, మూడు లిపుల దుకాణం పేరో, చెదిరిన ఎర్ర త్రికోణమో ఇంకా ఉండి ఉంటుంది. చూసినవారు ఒక ఫొటో తీసి, ఊరి పేరూ, తేదీ వేసి దాచండి. వచ్చే దసరాకు ఆ ఇంటివారు సున్నం వేస్తారు. వేయవద్దని చెప్పే హక్కు మనకు లేదు.